పిట్ట మేస్త్రీ

ఆ సైనిక స్థావరంలో పిట్ట మేస్త్రీ అంటే తెలియనివాళ్ళు లేరు. హెలికాప్టర్ల మీద దేశం గుర్తయిన తెల్లపిట్టను వేయడమే ఆయన ఉద్యోగం. అంతకుముందు వీధి గోడల మీద ప్రకటనలు రాసేవాడు. నెల తిరక్కుండానే వాటి మీద ఇంకెవరో రాసేసేవారు. ఇక్కడ ఎన్నిసార్లు వేసినా పిట్ట ఎడమ రెక్క రవ్వంత పొట్టిగానే వచ్చేది. కుంటిపిట్ట అని కుర్రకారు ఆటపట్టిస్తే, "ఎగురుతోందా లేదా, అది చూడండి" అనేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, స్థావరంలో ఉన్న నాలుగు హెలికాప్టర్లూ అద్దెవి. పదేళ్ళ గడువు తీరాక మచ్చ లేకుండా అప్పగించాలి. అందుకని కడిగితే పోయే రంగే వాడాలి. ఏటా వానలు వెలిశాక మళ్ళీ అదే చోట దిద్దాలి. దేశం సొంతానికి కొన్నప్పుడు వాడాల్సిన పక్కా రంగు డబ్బా బీరువాలో సీలు విప్పకుండా ఉండేది. లోపల గడ్డకట్టిందో ఏమో దేవుడికెరుక. దాని వంక చూస్తూ టీ తాగుతుంటే మేస్త్రీని ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఆయన కళ్ళ ముందు, ఎవరూ కడగలేని పిట్టలు బారులు తీరి మబ్బుల్లోకి పోతుండేవి.

ఇంట్లోనూ అదే వరస, పాపం. ఏడు అద్దె ఇళ్ళు మారారు. మేకు కొట్టనిచ్చిన ఇంటాయన ఒక్కడూ లేడు. కూతురి ఎత్తు కొలిచి గోడ మీద గీసిన గీతలన్నీ ఖాళీ చేసిన ప్రతిసారీ ఆయనే సున్నం కొట్టి చెరిపాడు. "మీ చేతి గుర్తు ఒక్కటైనా ఎక్కడా మిగల్లేదండీ" అని భార్య నవ్వుతూనే అంది గానీ, ఆ మాట ఆయన మనసులో దిగబడిపోయింది.

రిటైర్మెంటు ఇంకో నెల ఉందనగా గడువు వచ్చింది. ఈసారి కొంటారని పుకారు పుట్టింది. మేస్త్రీ ఆశగా కుంచెలు కడిగి ఆరబెట్టుకున్నాడు. ఆయనంటే అభిమానమున్న పైలట్ మేడం అసలు కబురు చెప్పింది. కొంటే పాతబడ్డాక మన నెత్తినే కూర్చుంటాయట, అద్దెకైతే పదేళ్ళకోసారి కొత్తవి వస్తాయట, అందుకని మళ్ళీ అద్దెకే తెస్తారట.

"యుద్ధం మధ్యలో ఇంటాయన ఖాళీ చెయ్యమంటే?" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు పొద్దున్నే బకెట్టు తీసుకుని మొదటి హెలికాప్టరు దగ్గరికి వెళ్ళాడు. తెల్లనీళ్ళు కాళ్ళ మీదుగా పారాయి. గుడ్డతో తుడిచి చూశాడు. రంగు పోయింది గానీ పిట్ట పోలేదు. పదేళ్ళ ఎండకు చుట్టూ హెలికాప్టరు ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది, తెల్లరంగు కప్పిన చోటు మాత్రం ముదురుగా మిగిలింది. పొట్టి రెక్కతో సహా. మిగతా మూడింటి మీదా అంతే.

హెలికాప్టర్ల యజమాని తరఫు మనిషి వచ్చి వేలితో రుద్దాడు, గోటితో గీకాడు.

"ఇది రంగు కాదే?"

"ఎండండీ."

"ఎండ గురించి ఒప్పందంలో ఏమీ లేదు" అని ఆ మనిషి సంతకం పెట్టేశాడు.

హెలికాప్టర్లు ఒక్కొక్కటే లేచి వెళ్తుంటే మేస్త్రీ ఇంటికి ఫోను చేశాడు. తన చేతి గుర్తు మిగిలిందని చెప్పాడు. ఎక్కడ అని భార్య అడిగింది. ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"ఎగురుతోంది" అన్నాడు.