అంగడి బెంచీ మీద నోటి వ్యాయామం

నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మా నాయనకు నోరు సరిగా తెరుచుకోవడం లేదు. ఇలాంటివాళ్ల కోసం విరుదునగర్‌లో డాక్టర్లు చేస్తున్న ఒక పరిశోధనలో చేరాడు. ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టుకుని దవడ సాగదీయాలి. రోజూ మూడు పూటలా చేయమన్నారు. ఎక్కడ చేయాలో చెప్పలేదు.

నిన్న నాయన కోవిల్‌పట్టిలో మా వీధి అంగడికి చక్కెర కోసం వెళ్లాడు. ఏళ్ల తరబడి ఆయనకు పొగాకు పొట్లాలు అమ్మిన అంగడి మామ, మొహానికి తువ్వాలు కప్పుకుని రమ్మన్నాడట. కోత పడిన ఆ మొహం చూస్తే బేరం చెడుతోందట.

ఈ సాయంత్రం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ విడిచే వేళకు నాయనను తీసుకెళ్లి అదే అంగడి బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టి, నోట్లో పుల్లలు పెట్టుకున్నాడు. పొట్లాల కోసం వచ్చినవాళ్లు ఆ దవడ చూసి ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

"ఏమ్మా, ఇదంతా ఇంట్లో చేసుకోగూడదా?" అన్నాడు మామ.

"నమిలేది ఈ బెంచీ మిందనే నేర్చుకున్నాడు గదా మామా. నోరు తెరిచేది కూడా ఈడనే నేర్చుకోనీ" అన్నాను.

నాది తప్పంటే చెప్పండి, వింటాను. నాయన మాత్రం రేపటికి పుల్లలు కడిగి ఆరబెట్టుకున్నాడు. తువ్వాలు ఇంట్లోనే ఉంటుందట.