షిఫ్ట్ అంటే మాకు తెలిసిన అర్థం ఒక్కటే...

మా చిన్నప్పుడు... ఎవరింటికి ఆడుకోవడానికి వెళ్ళినా గడప బయటే ఆగి ఒక మాట అడిగేవాళ్ళం. "అత్తా, మామది ఏ షిఫ్ట్?"

నైట్ షిఫ్ట్ అంటే మామ పగలు నిద్రపోతున్నాడని. అప్పుడు అష్టాచెమ్మా గవ్వలు గచ్చు మీద వేయకూడదు... చప్పుడవుతుందని బొంత మడతపెట్టి దాని మీద వేసేవాళ్ళం. గెలిచినా నోరు మూసుకునే నవ్వాలి.

ఇల్లందు దగ్గర బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల లైను మాది. మా గోడకు ఆనుకునే సరోజత్త వాళ్ళ ఇల్లు. వాళ్ళమ్మాయి రాణి, నేను ఒకే తరగతి. వాళ్ళ నాన్న మల్లేశం మామ మా అమ్మకు వరసకు తమ్ముడు. ఆయన, మా నాయిన ఒకే బాయిలో పనిచేసేవారు. మాకు ఇంగ్లీషు రాదు కానీ షిఫ్ట్ అనే మాట మాత్రం అక్షరాల కంటే ముందే వచ్చింది. మనిషి బాయిలోకి దిగే వేళ... అదే దాని అర్థం. సైరన్ కూత వేస్తే దిగుతారు, మళ్ళీ కూత వేస్తే ఎక్కి ఇంటికొస్తారు.

ఆ రోజు ముసురు పట్టింది. మామది ఫస్ట్ షిఫ్ట్. ఆయన వచ్చే వేళకని సరోజత్త పచ్చిపులుసు కలుపుతోంది. రాణి, నేను అరుగు మీద కూర్చున్నాం. అప్పుడు మామతో కలిసి పనిచేసే ఎంకన్న సైకిల్ మీద వచ్చాడు. తలమీద టోపీ, దానికి లైటు అలాగే ఉన్నాయి... బాయి ఎక్కినవాళ్ళు లైటు అప్పజెప్పకుండా ఇంటికి రారు. సరోజత్త అది గమనించలేదు.

"వదినా... అన్నను షిఫ్ట్ చేసిండ్రు," అన్నాడు.

"గదేంది, మళ్ల మార్సిండ్రా? ఏ షిఫ్ట్‌కు?"

ఎంకన్న హ్యాండిల్ పట్టుకుని నేల చూస్తున్నాడు.

"సెకండ్ షిఫ్టా?"

"అవ్ వదినా..." అని సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సరోజత్త ముఖం వెలిగిపోయింది. గోడ మీదుగా మా అమ్మను పిలిచింది. "వదినా, మీ తమ్మునికి సెకండ్ షిఫ్ట్ ఏసిండ్రంట. ఇగ కోడి కూయకముందు లేసుడు తప్పింది నాకు!" అంటూ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే...

ఆమె గిన్నె మీద మూత పెడుతుండగా మా నాయిన వచ్చాడు. డ్యూటీకని వెళ్ళినవాడు తిరిగొచ్చాడు.

"చెల్లె, లే. బస్సుకు పోదాం. బావను పెద్ద దవాఖానకు షిఫ్ట్ చేసిండ్రు. లోపల పైకప్పు కూలింది."

సరోజత్త లేవలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు మా నాయినకే చెప్పింది. "గట్ల గాదన్నా... నీకు సరిగ్గ తెల్వలె. సెకండ్ షిఫ్ట్ ఏసిండ్రు. ఎంకన్న ఇప్పుడే చెప్పిపోయిండు."

నాయిన గుమ్మం పట్టుకుని అలాగే కూలబడ్డాడు. అప్పుడు అర్థమైందామెకు... చేతికి చింతపండు పులుసు అలాగే ఉంది, కడుక్కోకుండానే బయల్దేరింది.

మామను తర్వాత వ్యాన్‌లో తీసుకొచ్చారు. ముఖం ఒక్కటే చూపించారు.

కొన్నాళ్ళకు క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. తల్లాడ దగ్గర సరోజత్త పుట్టిల్లు. సామాను ఎక్కించడానికి ట్రాక్టర్ వచ్చింది. లైనులో అందరూ "ఇల్లు షిఫ్టింగ్" అంటుంటే రాణి నన్ను పక్కకు లాగి అడిగింది. "షిఫ్ట్ అయిపోతే ఇంటికొస్తరు గదనే... మరి మేమెప్పుడొస్తం?"



ఆ రోజు ఎంకన్న కూడా వచ్చాడు. తల దించుకునే బీరువా, మంచాలు, బియ్యం డబ్బాలు అన్నీ తనే మోశాడు. ట్రాక్టర్ కదిలే ముందు సరోజత్త ఆయనను పిలిచింది.

"ఎంకన్నా, నా ముంగట తల దించుకోకు. నీ నోటెంట రాలేదు, గంతే. గా కొంచెం సేపన్న నేను నవ్వుకుంట ఉన్న..."

ఎంకన్న మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం మేం పిల్లలం అప్పుడే చూశాం.

తర్వాత నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్ట్ గని వచ్చింది. మా లైనును కూడా "షిఫ్ట్" చేశారు. కొందరు ఇల్లందులోకి, కొందరు ఖమ్మం, కొందరు ఎటు వెళ్ళారో... ఇప్పుడు అక్కడ పెద్ద గొయ్యి, పక్కన మట్టి గుట్టలు. మా ఇల్లు ఏ చోట ఉండేదో వేలు పెట్టి చూపించలేను.

సరోజత్త మిరపతోటల్లో కూలికి వెళ్ళి రాణిని చదివించింది. రాణి కంప్యూటర్ నేర్చుకునేటప్పుడు "షిఫ్ట్ పట్టుకుని కొడితే పెద్ద అక్షరం వస్తుంది" అని సారు చెప్తే, వేలు దాని మీదకు పోలేదట. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు చెప్పింది.

"ఒక్క మాటకు ఎన్ని అర్థాలే... ఆ దవాఖాన అర్థం అమ్మకు ముందే తెల్సుంటే బాగుండు అనిపిస్తది ఒక్కోసారి. మళ్ల, తెల్వకపోవుడే మంచిగైందేమో అనిపిస్తది."

ఇద్దరం నంబర్లు రాసుకున్నాం. రోజూ మాట్లాడుకోవాలనుకున్నాం. మాట్లాడుకోలేదు...

పోయిన నెల రాణి వాట్సాప్ స్టేటస్‌లో సరోజత్త ఫోటో కనబడింది, దండతో. ఫోన్ చేస్తే పెద్దకర్మ కూడా అయిపోయిందన్నది. "నీకు తెల్సనుకున్ననే," అన్నది. ఒకప్పుడు గోడకు అవతల దగ్గితే అది ఎవరి దగ్గో చెప్పేవాళ్ళం... ఇప్పుడు మనిషి పోయినా ఫోన్ చూసుకుంటే గానీ తెలియడం లేదు.

మీకూ గోడ అవతల ఒక అత్తో, అక్కో ఉండే ఉంటుంది. పేరు గుర్తుందా? ఇక్కడ రాయండి... రాశాక, ఉంటే ఒకసారి ఫోన్ కూడా చేయండి.