ఎండిన ఆకు నాదే

నేను ఇంతకుముందు ఎందుకు రాయలేదంటే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు. బడికి పోవలసిన వయసులో, కామారెడ్డి దగ్గరి మా ఊళ్లో అమ్మ పక్కన కూర్చుని బీడీలకు దారం చుట్టాను. పెళ్లయి ఎల్లారెడ్డికి వచ్చాక నా సొంత చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేశాను. బిడ్డ పెళ్లి చేసుకుని భిక్నూరు వెళ్లిపోయిన ఏడాది, మా వాడలోని అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతామన్నారు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. పన్నెండు మందిమి మొదలుపెడితే చివరికి ముగ్గురం మిగిలాం. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నేను మిగిలాను.

నా పెనిమిటి మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తాడు. శుక్రవారం ఫోన్ చేస్తాడు. తిన్నావా, వాన పడ్డదా, ఒంట్లో ఎట్లున్నది అని అడుగుతాడు. నేను జవాబులు చెప్తాను. మళ్లీ శుక్రవారం దాకా ఆ ఇంట్లో నా గొంతు నాకు వినిపించదు.

మొదట్లో పేర్లు రాసేదాన్ని, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు. ఒకరోజు "మా అమ్మ" అని రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తెలియక ఆగిపోయాను. పోయిన అమ్మకు సరైన ఫోటో లేదు. పాత రేషన్ కార్డు మీద ఉన్నదాంట్లో ముఖం నల్లటి మరకలాగా ఉంది. ఆ ముఖం నాకు కూడా కొంచెం కొంచెం చెరిగిపోతోందని ఆ రోజే తెలిసింది. కామారెడ్డి బస్టాండు ఎదుట ఒక పొడుగు నోట్‌బుక్ కొనుక్కుని వచ్చాను. రోజుకు ఒక గంట. అమ్మను అందులోకి ఎక్కించాలి, అంతే.

కానీ ఆ గంట నా ఒక్కదానిది కాదు.

మా వాకిటి గోడకు ఆనుకునే నా పెనిమిటి అక్క ఇల్లు. ఆమెను నేను వదినె అంటాను. పిల్లలు లేరు, భర్త పోయి చాలా ఏళ్లయింది. కళ్లకు పొరలు వచ్చాయి. కామారెడ్డిలో ఒక కంటికి ఆపరేషన్ చేయించినా చూపు అంతంతే. బీడీ చేయాలంటే ముందు తునికాకును రాత్రి తడిపి గోనెగుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున అది మెత్తబడ్డాక, రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తెరతో కోయాలి. ఆ కోత నాది. ఇద్దరి ఆకూ నేనే తడిపి, నేనే కోసి, గోడ మీదుగా ఆమె వాటా అందించేదాన్ని. బిడ్డ వెళ్లిపోయినప్పటి నుంచి ఐదేళ్లుగా అట్లనే నడిచింది.

నేను నోట్‌బుక్ తీసినప్పుడల్లా అటువైపు ఆమె చేతులు ఖాళీగా ఉండేవి. ఆకు అయిపోతే పిలిచేది కాదు. దారం ఉండలు సర్దుకుంటూ కూర్చునేది. గోడ పొట్టిది, అన్నీ కనిపిస్తాయి. నేను తలుపు సగం మూసుకుని రాసేదాన్ని. ఎవరైనా వస్తే నోట్‌బుక్ చాట కిందికి తోసేదాన్ని. పొరుగింటి పెరట్లో దొంగతనంగా కాయ తెంపుకున్నట్టు ఉండేది.

ఎండాకాలంలో ఒకరోజు ఆకు మూట నీడలోనే పెట్టి రాయడానికి కూర్చున్నాను. అమ్మ దారం చుట్టే పద్ధతి రాస్తున్నాను. "దారం బిగించేటప్పుడు అమ్మ ఎడమ బొటనవేలు" అని రాసి తల ఎత్తేసరికి నీడ జరిగిపోయి ఉంది. మూట నడి ఎండలో ఉంది. నీళ్లు చిలకరించాను, తడిగుడ్డ కప్పాను. ఒకసారి అట్లా ఎండిన ఆకు మళ్లీ మెత్తబడ్డట్టు కనిపిస్తుంది గానీ చుట్టేటప్పుడు మడత దగ్గర పగులుతుంది. నాకు తెలుసు. తెలిసీ కోసి, వదినె వాటా గోడ మీదుగా అందించాను. నా వాటాలో పగిలినవి చూసి నేను ముందే ఏరేసుకున్నాను.

మర్నాడు బీడీలు ఇచ్చిరావడానికి పోతే కార్ఖానాలో, వాటిని చూసి తీసుకునే ఆయన మొదట ఆమె కట్టలే విప్పాడు. ఒకటొకటి వేళ్లతో నొక్కి, పగిలినవి పక్కకు పారేశాడు.

"ఏందవ్వా ఇవి? చేతులు పట్టు తప్పినయా? చాతగాకుంటె ఇంట్ల కూసోరాదు!"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె వెనకనే నేను నిలబడి ఉన్నాను. ఆకు నాది అని ఒక్క మాట చాలు. నేను తల వంచుకుని నా కట్టలు లెక్కపెట్టుకున్నాను. వదినె పారేసిన బీడీలను కొంగులో ఏరుకుని పక్కకు జరిగింది.

ఇంటికి వచ్చి నోట్‌బుక్‌ను సందూకలో చీరల అడుగున పెట్టేశాను. నాలాంటిదానికి రాతలెందుకు అనుకున్నాను. మూడు నెలలు తీయలేదు. రెండు పూటలా ఆకు కోశాను, వదినె అడగకముందే అందించాను. శుక్రవారం ఫోన్‌లో "ఏం జేస్తున్నవ్?" అంటే "ఏం లేదు" అన్నాను. ఎప్పుడూ అనే మాటే. ఈసారి అది నిజం. అమ్మ బొటనవేలు మాత్రం ఆ సగం వాక్యం దగ్గరే నిలబడి ఉండేది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం వదినె గడప దగ్గర కూర్చుని ఆకు కోస్తున్నాను. ఇక దాచలేక చెప్పేశాను.

"వదినె, ఎండకాలం నీ బీడీలు పగిలినయి సూడు, ఆ ఆకు నేనే ఎండబెట్టిన. రాసుకుంట కూసుండి మరిసిన."

ఆమె చుట్టే చేయి ఆగలేదు. "నాకెరికనే."

"ఎట్ల ఎరిక?"

"కండ్లు పోయినయి గని చేతులు పోయినయా? ఆకు పట్టంగనే తెల్వదా?"

"మరి ఆయన అంత మాటంటె ఊకున్నవేంది?"

"నువ్వు ఊకున్నవు గద, నేను సుత ఊకున్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమే మళ్లీ అంది. "ఆ బుక్కు ఏడ వడేసినవే? మూడు నెలల సంది గోడ అవుతల గుడ్లగూబ లెక్క కూసుంటున్నవ్."

"నేను రాసుకుంట కూసుంటె నీకు ఆకెవలు కోస్తరు?"

వదినె నవ్వింది. నా చేతిలోంచి కత్తెర లాక్కుంది. ఆకును ఒకసారి వేళ్లతో తడిమి, రేకు ముక్క పెట్టి చుట్టూ కోసేసింది. ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. ఆమె చూపు ఆకు మీద లేదు, నా ముఖం మీద ఉంది. కోసిన ఆకులన్నీ ఒకే కొలతగా వచ్చాయి.

"నువ్వు కొయ్యకముందు నాకెవలు కోసిండ్రే? మీ అమ్మనా?"

"మరి ఇన్నేండ్లు నాతోని ఎందుకు కోయించుకున్నవ్?"

"తమ్ముడు దేశం పోయె. బిడ్డ అత్తగారింటికి పోయె. ఒక్కదానివి గోడలు సూసుకుంట కూసుంటవని. ఆకు ఇయ్యనీకైనా దినాం నన్ను పిలుస్తవని."

ఇంటికి వచ్చాను. ఐదేళ్లు ఆమెను నేనే మోస్తున్నానని అనుకున్నాను. గుండెల మీద బరువు దిగినట్టే ఉంది గానీ చేతికి ఆనుకోవడానికి ఏమీ లేనట్టు కూడా ఉంది. ఆ సాయంత్రం ఇల్లు రోజూ కంటే పెద్దదిగా కనిపించింది. ఇన్నేళ్లలో మొదటిసారి నా ఒక్కదాని ఆకే తడిపి, మూట కట్టి పెట్టాను. చిన్న మూట.

మర్నాడు పొద్దున కార్ఖానాకు పోయాను. నా వంతు రాగానే, బీడీలు ఇవ్వకముందే చెప్పాను. "సారూ, ఎండకాలం మా వదినె బీడీలు పగిలినయని తిట్టిండ్రు. ఆ ఆకు నాది. ఆమె చేతులు మంచిగనే ఉన్నయి."

ఆయన తల గోక్కున్నాడు. "ఏ బీడీలక్కా? దినాం ఎన్ని కట్టలు జూస్త, నాకేం యాదికుంటది?"

వెనకనున్నవాళ్లు నవ్వారు. "నిద్రలకెల్లి గిట్ల లేసొచ్చినవా?" అని ఒకామె అంది. వదినె వరుస చివరి నుంచి గట్టిగా చెప్పింది. "అది రాసుకునే మనిషిలే బిడ్డా, దానికి అన్నీ యాదికుంటయి."

ఇంటికి వచ్చి సందూక తెరిచాను. నోట్‌బుక్‌కు చీరల వాసన పట్టింది. తలుపు మూయకుండా గడప దగ్గర కూర్చుని ఆ సగం వాక్యం తీశాను. ఆ వేలి గురించి ఏం రాయాలనుకున్నానో గుర్తు రాలేదు. చాట దగ్గరికి పోయి ఒక ఆకు కోశాను. తంబాకు వేసి చుట్టి, దారం బిగించాను. నా ఎడమ బొటనవేలు కొంచెం వంగి, కొన దగ్గర ఆగింది. అమ్మది కూడా అంతే.

గోడ అవతల కత్తెర చప్పుడవుతోంది. బీడీని చాటలో పెట్టి, పెన్ను తీసి వాక్యం పూర్తి చేశాను.