బూడిద రాలే గోడ

నా చిన్నప్పుడు మా కొండ మీద ఇంటికి రంగంటే ఎర్రమట్టే. అనంతగిరి దాటి లోపలికి నడిస్తే వచ్చే పాతిక ఇళ్ల ఊరు మాది. వానలు తగ్గుముఖం పట్టగానే ఆడవాళ్లు వాగు గట్టున ఎర్రమట్టి తవ్వి తెచ్చి, పేడ కలిపి గోడలకు పూసేవారు. పూయడం ఎవరికైనా వస్తుంది. ఎప్పుడు పూయాలో మాత్రం మా నాయనమ్మకే తెలుసు. ఊళ్లో ఎవరు పిలిచినా చల్లారిన పొయ్యి బూడిద గుప్పెడు పట్టుకెళ్లి గోడ మీదికి విసిరేది. బూడిద రాలిపోతే మట్టి కలుపుకోమనేది. అంటుకుంటే లోపల ఇంకా తడి ఉందని, పైన పూస్తే అది బయటికి పోక ఇంట్లోకే దిగుతుందని చెప్పి వచ్చేసేది. ఆమె మాటకు ఎదురుండేది కాదు.

ఆ ఏడు కొత్త పంట వండుకునే పండగ దగ్గర పడింది. ఊరంతా ఎర్రగా మెరుస్తుంటే మా ఇంటి వెనక గోడొక్కటే వాన చారలతో వెలవెలబోతోంది. అది కొండవాలు నీడలో ఉండేది, ఎండ తగిలేది కాదు. నాయనమ్మ రోజూ బూడిద కొట్టేది, అది రోజూ అంటుకునేది. ఆ గోడకు లోపలి వైపునే మా అమ్మా, నెల తిరగని తమ్ముడూ పడుకునేవారు.

నాకు తొమ్మిదేళ్లు, రోషం మాత్రం ఇంతెత్తు. తోటి పిల్లలు ఊరుకోలేదు. "ఊరందరికీ సెప్పే మీ మామ్మకి సొంత గోడ కనబడట్లేదేటే?" అని ఏడిపించారు. నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పాలంటే నాయనమ్మ మీద కూడా మండింది.

ఆమె విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్ముకోవడానికి సంతకు వెళ్లిన రోజున, నాన్న చేలో ఉండగా, అమ్మ బిడ్డ పక్కన కునుకు తీస్తుండగా, పక్కింట్లో మిగిలిన ఎర్రమట్టి మోసుకొచ్చి వెనక గోడంతా నేనే పూసేశాను. అబ్బ, ఎంత బాగుందో! సాయంత్రం నాయనమ్మ వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె తన చెంప గోడకు ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని నా చెంప కూడా ఆనించింది. నీళ్ల కుండకు ఆనించినట్టు జిల్లుమంది.

"ఇటేపే ఇంత సల్లగుంటే, అటేపు ఆ పసిగుంటడికి ఎలాగుంటాదే?" అంది. గబగబా లోపలికి పోయి అమ్మ చాపను పొయ్యి దగ్గరికి జరిపింది.

అయినా ఇల్లంతా ఒకటే గది. తెల్లారేసరికి తమ్ముడికి పిల్లికూతలు పట్టుకున్నాయి. నాన్నా అమ్మా వాడిని గుడ్డల్లో చుట్టుకుని ఆస్పత్రికి కొండ దిగిపోయారు. వాడు తిరిగి రాడేమోనని నాకు అన్నం సయించలేదు. నాయనమ్మ కొడవలి తీసుకుని నేను పూసిన మట్టంతా గీకేసింది. పండగ ముందు మా గోడ గజ్జి పట్టిన ఒళ్లులా తయారైంది.

ఆడవాళ్లు మూగారు. తడి గోడ ఎవరు పూశారని అడిగారు. నేను నాయనమ్మ వెనకాల నిలబడి ఆమె చీర చెంగు పట్టుకున్నాను.

"నానే పూసినాను. ముసిల్దాన్ని కదా, తడి తెలీలేదు," అంది నాయనమ్మ.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె గీకుతూనే ఉంది.

పండగ నాటి మధ్యాహ్నానికి తమ్ముడు క్షేమంగా ఇంటికొచ్చాడు. వాడి అరికాళ్లు పట్టుకుని నేను భోరుమన్నాను. పండగైన రెండు వారాలకు నాయనమ్మ నా చేతిలో గుప్పెడు బూడిద పోసింది. విసిరాను, జలజలా రాలిపోయింది. "ఇప్పుడు పుయ్యి," అంది. ఈసారి గోడంతా నా చేతే పూయించింది. కానీ మరుసటి ఏడు రెండిళ్లవాళ్లు ఆమెను పిలవకుండానే గోడలు పూసుకున్నారు. ఆమె గుమ్మంలో కూర్చుని చూస్తూ ఊరుకుంది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండాల్సింది.

ఇప్పుడు నాది సిమెంటు ఇల్లు. మొన్న వానలు తగ్గగానే పెయింటరు రంగుల అట్ట పట్టుకొచ్చి రేపే మొదలుపెడతానన్నాడు. నేను వెళ్లి వెనక గోడకు చెంప ఆనించాను. "గోడకి ముద్దెడతన్నావేటి మామ్మా!" అని మనవరాలు పగలబడి నవ్వింది. పెయింటరును పదిహేను రోజులాగి రమ్మన్నాను. గొణుక్కుంటూ పోయాడు, పోనీ.

మా ఊళ్లో మిగిలిన ఒకరిద్దరు ముసలమ్మలు ఇప్పటికీ అంటుంటారు, మీ నాయనమ్మంతటి మనిషి కూడా ఒక్కసారి తప్పింది కదా అని. విని తల ఊపుతూ వచ్చాను ఇన్నేళ్లూ. ఈసారి వాళ్ల గుమ్మంలోకే వెళ్లి చెప్పాను. మా నాయనమ్మ ఏనాడూ తప్పలేదు, ఆ గోడ పూసింది నేను.