పది అడుగుల దూరంలో సబ్బు నీళ్ళు

2023 ఆగస్టు నెల, రెండో మంగళవారం, ఉదయం ఎనిమిదీ ఇరవై. ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, బండి ఆగగానే వెనక కూర్చున్న నాగరత్నం నన్ను అడిగిన మొదటి మాట అదే. "టైమెంతయ్యింది అన్నయ్యా?" గోడ గడియారం చూసి చెప్పాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

నా కొట్టు యానాంలో, అగ్రహారం వెళ్ళే రోడ్డు మలుపులో ఉంది. పైన రేకులు, ముందు సిమెంటు గచ్చు. మోటారు సైకిళ్ళు బాగుచేయబట్టి నలభై ఏళ్ళు దాటింది. బళ్ళో చదువుకోలేదు. యాభై ఆరో ఏట మా ఆవిడ పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. కాబట్టి ఇందులో ఎక్కడైనా వాక్యం వంకరగా ఉంటే సర్దుకోండి. విషయంలో వంకర లేదు.

ఫుట్‌రెస్ట్ అంటే బండి మీద కాలు పెట్టుకునే కడ్డీ. దాని మీద గీతలున్న రబ్బరు తొడుగు ఉంటుంది. చౌక సామాను, ఎవరూ పట్టించుకోరు. మెకానిక్కులం మాత్రం దాన్ని చూస్తే నడిపేవాడి సంగతి చెప్పేస్తాం. ఎడమ రబ్బరు ముందంచు అరిగిపోతే వాడు ఊరికే గేర్లు మారుస్తాడు. కుడి రబ్బరు ఒక పక్కకే అరిగితే వాడి కాలెప్పుడూ బ్రేకు మీదే ఉంటుంది, అంటే దూకుడుగా పోయి గబుక్కున ఆపే రకం. ఆ రోజు నాగరత్నాన్ని తెచ్చిన వీర్రాజు బండి రబ్బర్లు రెండూ ఒక్కలాగే, సమంగా అరిగాయి. నిదానస్తుడు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత కావాలి.

వీర్రాజు నాగరత్నం కొడుకు. అడవిపొలంలో ఉంటారు. రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తాడు. తల్లికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కాకినాడ తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. దాన్ని వాళ్ళు మిషను అంటారు. బస్సెక్కితే ఆవిడకి వాంతులు. అందుకని బండి మీదే. ఆవిడ ఒక పక్కకి తిరిగి కూర్చుని కాళ్ళు రెండూ శారీ గార్డ్ మీద పెట్టుకునేది. శారీ గార్డ్ అంటే చీర కొంగు చక్రంలో పడకుండా ఎడమవైపు బిగించే ఇనుప చట్రం. దాని కింద ఆడవాళ్ళ కాళ్ళకి ఒక కడ్డీ, కడ్డీకి రబ్బరు. ఆ రబ్బరు అరిగి అరిగి లోపలి ఇనుము మెరుస్తోంది.

"ఎన్నాళ్ళనుంచిలా ఉందమ్మా?" అన్నాను.

"నాకేం తెలుత్తాది అన్నయ్యా. సుగరుకి కాళ్ళు చచ్చిపోయాయి. వంగి చూసుకుంటే గాని ఉన్నాయో లేదో తెలీదు. మొన్న తాళ్ళరేవులో దిగితే కాలికి ఒక చెప్పు లేదు. ఎక్కడ పడిపోయిందో."

నా కొట్టు బల్ల మీద రోజూ పేపరు చదువుతూ కూర్చునే గంగులు, ఆటో తోలి మానేసినవాడు, పేపరు దించకుండానే అందుకున్నాడు. "చెప్పు పడిపోతే పోనీ అక్కా. నువ్వు పడిపోలేదు గదా."

అందరం నవ్వాం. నాగరత్నం కూడా నవ్వింది. పక్కనే టీ కొట్టు నడిపే దుర్గమ్మ గ్లాసులు కడుగుతూ, "నీ నోట్లో ఉప్పు పొయ్యా," అంది.

"మావయ్యా, పదిన్నరకి అమ్మ మిషను మీద ఉండాలి. తొరగా వేసేత్తే ఎల్లిపోతాం," అన్నాడు వీర్రాజు.

ఇప్పుడు పని సంగతి చెప్పాలి. పాత రబ్బరుని బ్లేడుతో నిలువునా కోసి తీసేస్తాం. కడ్డీకి పట్టిన తుప్పు గరుకు కాగితంతో రుద్దేస్తాం. కొత్త రబ్బరు బిగుతుగా ఉంటుంది, ఊరికే ఎక్కదు. సబ్బు నీళ్ళు రాసి, మెలితిప్పుతూ తోయాలి. సబ్బు నీళ్ళు కాసేపటికి ఆరిపోతాయి, రబ్బరు కడ్డీని పట్టేసుకుంటుంది. పెట్రోలు రాసినా ఆరిపోతుంది. నూనె మాత్రం రాయకూడదు. నూనె ఆరదు. నడిపేవాడి కడ్డీకైతే చివర గాడి ఉంటుంది, రబ్బరు లోపలి బొడిపె అందులో కూర్చుంటుంది. శారీ గార్డ్ కడ్డీ ఉత్త గుండ్రం. అక్కడ పట్టంతా రబ్బరుదే.

ఇది నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా తెలుసు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ నేను మొదట చెప్పిన పాఠం ఇదే.

ఆ ఉదయం సబ్బు నీళ్ళ డబ్బా ఒలికిపోయి ఉంది. ముందు వీర్రాజు కాళ్ళ కింది రెండు రబ్బర్లూ ఒట్టి నీటి తడితోనే ఎక్కించాను. శారీ గార్డ్‌ది సగం ఎక్కి ఆగిపోయింది. అప్పటికే గచ్చు మీద గొంతుక్కూర్చుని ఉన్నాను. నా మోకాళ్ళ సంగతి దేవుడికి తెలుసు, ఒకసారి కూర్చుంటే లేవడం పెద్ద పని. దుర్గమ్మ చూసింది.

"మేస్త్రీగారూ, నీళ్ళు తెమ్మంటారా? సబ్బు ముక్క కూడా ఉంది."

"వద్దులే అమ్మా. అయిపోయింది."

టీ కొట్టు నాకు పది అడుగుల దూరం. నేను లేవక్కర్లేదు కూడా, ఆవిడే తెస్తానంది. చెయ్యి చాపితే అందేది ఇంజనాయిలు డబ్బా. వేలు ముంచి, కడ్డీకి రాసి, ఒక్క తోపు తోశాను. జారుకుంటూ వెళ్ళి కూర్చుంది.

"ఆయిలేంటి మేస్త్రీ?" అన్నాడు గంగులు.

"ఆటో తోలుకునేవోడివి, నాకు పని నేర్పుతావేంట్రా?" అన్నాను. మళ్ళీ నవ్వాం.

నాగరత్నం బండెక్కి, వంగి చూసుకుని, కాళ్ళు కొత్త రబ్బరు మీద పెట్టుకుంది. "కొత్త చెప్పులేసుకున్నట్టుందన్నయ్యా," అంది. కాళ్ళకి తెలిసి అన్న మాట కాదది. కళ్ళతో చూసి అంది.

కాకినాడ దారిలో తాళ్ళరేవు దాటాక స్పీడ్ బ్రేకర్ దగ్గర పడిపోయింది. ఒక పక్కకి కూర్చున్న మనిషి ఎత్తు వచ్చినప్పుడు కాళ్ళు నొక్కిపెట్టి ఒళ్ళు నిలబెట్టుకుంటుంది. నొక్కేసరికి రబ్బరు తిరిగింది. కాళ్ళు జారిన సంగతి ఆవిడకి తెలియలేదు. ఒళ్ళు జారాక తెలిసింది. తుంటి విరిగింది. మామూలు మనిషికైతే అతుకు వేస్తారు. మిషను మీద బతికే మనిషికి ఏం చేయాలన్నా డాక్టర్లు ఆలోచించారు.

మూడో రోజు గంగులు ఆ బండిని నా కొట్టుకి తెచ్చాడు. హ్యాండిల్ కొంచెం వంకర పోయింది, ఒక లైటు పగిలింది. నేను ముందు వాటి జోలికి పోలేదు. ఎడమవైపు కూర్చుని శారీ గార్డ్ రబ్బరు పట్టుకుని చూశాను. బక్క చేతి మీద గాజు తిరిగినట్టు తిరిగింది.

గంగులు చూస్తున్నాడు. వాడు చూస్తున్నాడని నాకు తెలుసు. నేను లేచి, టీ కొట్టుకి వెళ్ళి, దుర్గమ్మని సబ్బు నీళ్ళు అడిగి తెచ్చుకున్నాను. ఈసారి పది అడుగులూ నడిచాను. రబ్బరు ఊడదీసి, కడ్డీ కడిగి, నూనె మరక లేకుండా తుడిచి, మళ్ళీ పద్ధతిగా ఎక్కించాను. అది బాగుచేయడం కాదు. తప్పు జాడ కడిగేసుకోవడం.

ఆరో రోజు బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. నాగరత్నం మొహం నల్లగా పీక్కుపోయింది. వీర్రాజు మంచం చివర నిలబడి తల్లి కాళ్ళు పిసుకుతున్నాడు. స్పర్శ లేని కాళ్ళు.

"నీ పని బానే ఉందన్నయ్యా," అంది ఆవిడ. "వీడే. నిదానంగా పోనియ్‌రా అంటే వినలేదు. కన్నతల్లిని రోడ్డు మీద పడేశాడని మావోళ్ళంతా అంటున్నారు. నేను మాత్రం కాదని ఎలా అనను?"

వీర్రాజు తలెత్తలేదు. పిసకడం ఆపలేదు.

బత్తాయిలు మంచం పక్కన పెట్టాను. యానాం చిన్న ఊరు. మేస్త్రీ నూనె రాసి మనిషిని పడేశాడంటే సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. మర్నాటి నుంచి నా గచ్చు మీద బండి ఆగదు. అదీ నా లెక్క. "రెస్టు తీసుకోమ్మా," అని చెప్పి వచ్చేశాను.

నెల తిరక్కుండా నాగరత్నం పోయింది.

పెద్దకార్యం అయిన మర్నాడు అడవిపొలం వెళ్ళాను. నా తుక్కు డబ్బాలోంచి వీర్రాజు బండి పాత రబ్బర్లు రెండూ ఏరి పట్టుకెళ్ళాను. వాడు అరుగు మీద గుండుతో కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను. నూనె సంగతి, తర్వాత తుడిచేసిన సంగతి. రబ్బర్లు వాడి చేతిలో పెట్టాను.

"చూడు. రెండూ సమంగా అరిగాయి. నువ్వు దూకుడుగా తోలేవాడివి కాదురా. పనోళ్ళెవరికి చూపించినా చెబుతారు."

వాడు వాటిని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మ బతికుండగా ఆసుపత్రికొచ్చారు గదా మావయ్యా."

"వచ్చాను."

"అప్పటికి తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? నేను ఎలా తోలానో నాకు తెలుసు గదా. తెలియాల్సింది ఆవిడికి."

తిట్టలేదు. లోపలికి కేకేసి నాకు మజ్జిగ ఇప్పించాడు. తాగాను. వద్దనడానికి కూడా మొహం చెల్లలేదు.

వాళ్ళ చుట్టాలకి కూడా నేనే స్వయంగా చెప్పాను. ఇదే తప్పు, నేనే చేశాను అన్నాను. వాళ్ళు నమ్మలేదు. "కుర్రోణ్ణి కాయడానికి పెద్దాయన తన మీదేసుకుంటున్నాడు," అన్నారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "మీలాంటోళ్ళు ఉండబట్టే ఇంకా వానలు పడతన్నాయి," అన్నాడు. నా గచ్చు మీద బళ్ళు ఆగడం మానలేదు. ఇంకా పెరిగాయి. మేస్త్రీ మంచివాడట. వీర్రాజుని మాత్రం తల్లిని పడేసినవాడనే అంటున్నారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నూనె రాయొద్దని నేను చెప్పక్కర్లేదు, అది అందరికీ తెలుసు. చేసిన తప్పుని, దెబ్బ తిన్న మనిషి వినగలిగినప్పుడే చెప్పండి. అక్షరాలు యాభై ఆరేళ్ళకి నేర్చుకున్నా నాకు పనికొచ్చాయి. ఈ మాట నెల రోజులు ఆలస్యమైనందుకే ఎందుకూ పనికిరాకుండా పోయింది.

నోటి మాట నమ్మలేదు కాబట్టి రాసి పెడుతున్నాను. ఆ మంగళవారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి నా కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు. వీర్రాజు, బండి పట్టుకుని నిలబడ్డాడు. గంగులు, ఆయిలేంటని అడిగాడు. దుర్గమ్మ, నీళ్ళు తెస్తానంది. వాళ్ళని అడగండి. నాగరత్నం, ఆవిణ్ణి అడగడానికి లేదు. కడ్డీకి నూనె రాసినవాణ్ణి నేను, మేస్త్రీ సూర్యారావుని.