ఖర్జూరం మొదట్లో గాటు

2019లో ఖతార్‌లోని అల్ ఖోర్ దగ్గర ఒక ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీ నర్సరీలో ట్రైనర్‌గా ఉండేవాణ్ణి. ప్రపంచకప్ స్టేడియం రోడ్డు వెంట నాటాల్సిన ఖర్జూరం చెట్లు మా దగ్గరే ఉండేవి. డ్యూటీకి ముందు అరగంట, తెలంగాణ కూలీలకు చెట్టు భాగాలూ, దాన్ని తొలిచే పురుగు దశలూ ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ చెప్పడం నా పని. క్రౌన్ అంటే తల, బడ్ అంటే మొవ్వు, లార్వా అంటే కాళ్ళు లేని పిల్లపురుగు. రిపోర్టు ఇంగ్లిష్‌లోనే రాయాలి మరి. కోనసీమ కొబ్బరితోటల్లో పుట్టినవాణ్ణి, చెట్ల గురించి నాకు తెలియనిదేముందని కాస్త పొగరు కూడా ఉండేది.

నా క్లాసుకొచ్చే రాజయ్యది జగిత్యాల వైపు పల్లె. అక్కడ ఈతచెట్లు గీసి కల్లు తీసేవాడు. పెద్దగా మాట్లాడడు.

ఒక పొద్దున నర్సరీ చూసే ఇంజనీర్ కబురు పెట్టాడు. పరుగున వెళ్ళాను. ఒక చెట్టు మొదట్లో జానెడు గాటు. దాంట్లోంచి గోధుమరంగు రసం కారుతోంది, గుప్పుమని పులిసిన కల్లు వాసన. పక్కన రాజయ్య, చేతిలో కత్తి.

"మీవాడు సారా తీస్తున్నాడా? అదే నిజమైతే పోలీసులకు అప్పగిస్తా" అన్నాడు ఇంజనీర్. ఈ దేశంలో ఆ పేరు పడితే ఉద్యోగం ఒక్కటే కాదు, మనిషే జైలుకు పోతాడు.

"కల్లు గీశావా రాజయ్యా?" అని అడిగాను.

అతను నా మొహంలోకి చూశాడు. "కల్లుకు తల కాడ గీస్తరు గని మొదల్ల గీస్తరా సార్? లోపట పురుగు కొరుకుతున్నది. చెవి వెట్టి ఇన్న. నిన్న ఫోర్‌మన్‌కు జెప్తే యల్లా యల్లా అని ఎల్లగొట్టిండు. అందుకే కోసి సూసిన."

నేనూ చెవి ఆనించాను. జనరేటర్ మోత తప్ప ఏమీ వినపడలేదు. ఆ మాటే ఇంజనీర్‌కు చెప్పాను. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

రాజయ్య ఎవరినీ అడగలేదు. ఉలి అందుకుని అదే గాట్లో తవ్వడం మొదలుపెట్టాడు. తడి పీచు. ఇంకా పీచే. అయినా ఆపలేదు. చివరికి మెత్తగా కుళ్ళిన భాగం తగిలింది, బొటనవేలంత తెల్లటి పురుగు అతని అరచేతిలో పడింది.

"వాట్ ఈజ్ దిస్?" అన్నాడు ఇంజనీర్.

"లార్వా సార్. నో లెగ్స్" అన్నాడు రాజయ్య, నేను నోరు తెరిచేలోపే.

ఫోన్ జేబులోకి వెళ్ళింది. ఆ వరసలో ఇంకో మూడు చెట్లను రాజయ్య చెవితోనే పట్టుకున్నాడు.

సాయంత్రం క్యాంప్‌కెళ్ళి క్షమించమన్నాను. "ఇంజనీర్ అడిగితే బాధ లేకుండె సార్. ఆయనకు గీత పని తెల్వదు. మీకు తెల్సు గద" అన్నాడు.

తెలుసు. మా కొబ్బరిక్కూడా కల్లు తల దగ్గరే గీస్తారు. గాటు ఎక్కడుందో చూస్తే చాలు, అడగాల్సిన పనే లేదు. నేను అతని పాత పని చూశాను, చెట్టును చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.