అడగకుండా ఇచ్చిన పేరు

డెబోరాను సభలకు పరిచయం చేసేవాళ్లు "నిర్భయ గళం" అంటారు. ఆ మాట వింటే ఆవిడకు ఒళ్లు మండుతుంది. ఐర్లండ్‌లో వలస నర్సుల, వృద్ధులను చూసుకునే కేరర్ల హక్కుల సంఘానికి అధ్యక్షురాలు కాకముందు ఆమె నేవన్ పట్టణంలోని తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రార్థన విన్నపాలు రాసుకునేది. చీరాల దగ్గర పుట్టి, నర్సింగ్ చదివి, పద్నాలుగేళ్లుగా ఇక్కడి ఆసుపత్రి వార్డుల్లో చేస్తున్న మనిషి. గొంతు పెద్దదేం కాదు. చేతిరాత బాగుంటుందని పెద్దలు ఆ పని అప్పగించారు.

గురువారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆమెకు ఫోన్లు వచ్చేవి. పరీక్ష తప్పిన పిల్ల, రాని వీసా, అత్తగారి మోకాలు. పేరూ ఊరూ తేదీ వేసి అన్నీ నోటు పుస్తకంలో ఎక్కించేది. శుక్రవారం కూటంలో పేర్లు తీసేసి చదివేది: "ఒక సహోదరి, ఉద్యోగ సమస్య. పేరు దేవునికి తెలుసు." ఆ పేరు డెబోరాకూ తెలుసు. అందుకే జనం ఆమెను నమ్మారు, కాస్త భయపడ్డారు కూడా.

2020 మార్చిలో కూటం జూమ్‌లోకి మారింది. విన్నపాలూ మారాయి. నోటికి రుచి తెలియడం లేదు, ప్రార్థించండి. జ్వరం ఉన్నా డ్యూటీకి రమ్మంటున్నారు, ప్రార్థించండి. ఏప్రిల్ మూడో వారానికి ఇలాంటివి ఇరవై రెండు పోగయ్యాయి. అందులో ఆరు ఊరి బయట ఉన్న ఒకే వృద్ధుల హోమ్ నుంచి. అదే వారం ఆ హోమ్ యజమాని వృద్ధుల పిల్లలకు ఉత్తరం రాశాడు: లోపల ఒక్క కేసూ లేదు, అందరూ క్షేమం.

డెబోరా కూతురు ప్రిస్కిల్లాకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం అక్కడి మీత్ జిల్లా యాస ఇంగ్లిష్‌లో ఇస్తుంది. పుస్తకం తిరగేసి, "మామ్, దట్స్ ఎవిడెన్స్, లైక్," అంది.

సహవాసం పెద్ద కృపారావుకు అది ప్రార్థన పుస్తకం, అంతే. దేవుని ముందు చెప్పుకున్నది గడప దాటకూడదన్నాడు. "మనోళ్లంతా పర్మిట్ల మీద ఉన్నారమ్మా. నీ చేతిలో ఈ దేశం పాస్‌పోర్టు ఉంది, నువ్వెన్నైనా మాట్లాడతావు." ఇందులో భక్తి కన్నా లౌక్యం ఎక్కువ. అయినా ఆయన చెప్పింది తప్పు కాదు. కొత్తగా వచ్చిన నర్సుకు మొదటి ఏడాది యజమానిని మార్చడం కుదరదు. ఉద్యోగం పోతే దేశంలో ఉండటమే ప్రశ్న అవుతుంది.

డెబోరా వృద్ధుల హోమ్‌ల తనిఖీ శాఖకు ఫోన్ చేసింది. తేదీలు బాగున్నాయి, కానీ ఆ హోమ్‌లో పనిచేసే ఒక్కరి పేరైనా కావాలని అక్కడి అధికారిణి చెప్పింది. పేరు లేని ఫిర్యాదులు వరసలో ఎక్కడో పడి ఉంటాయి. డెబోరా ఆరుగురికీ ఫోన్ చేసింది. నలుగురు వద్దన్నారు, ఒకావిడ మాట పూర్తికాకుండానే పెట్టేసింది. ఆరో మనిషి ఇందుమతి, ఒంగోలు నుంచి ఏడు నెలల కిందట వచ్చిన నర్సు. ఆలోచించుకుని రేపు చెప్తానంది. మర్నాడు ఆమెను అంబులెన్స్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టారు.

డెబోరా రెండు రోజులు ఆగింది. మూడో రోజు అదే హోమ్ నుంచి ఇంకో విన్నపం వచ్చింది. వంటింట్లో నిలబడే ఈమెయిల్ రాసి, అందులో ఇందుమతి పేరు పెట్టి పంపేసింది.

సోమవారానికల్లా తనిఖీ జరిగింది. పదకొండు మంది వృద్ధులకు పాజిటివ్. మాస్కులు వచ్చాయి, జ్వరమున్న సిబ్బందిని ఇళ్లకు పంపారు. ఆ ఈమెయిల్ వల్ల ఎందరు బతికారో ఎవరూ చెప్పలేరు. చెప్పగలమనేవాళ్లను నమ్మకండి.

ఇందుమతి కోలుకుని జూన్‌లో పనికి వెళ్తే చేతిలో కాగితం పెట్టారు. లోపలి విషయాలు బయటపెట్టినందుకు తీసేశామని. కారు పార్కులోంచే డెబోరాకు ఫోన్ చేసింది.

"రేపు చెప్తానన్నాను కదక్కా."

"నువ్వు ఆక్సిజన్ మీద ఉన్నావమ్మా. అవతల ముసలోళ్లు..."

"వద్దందామనే అనుకున్నా."

ఇందుమతే మళ్లీ అందుకుంది.

"మా మేనేజరు కూడా అంతే. నన్ను అడక్కుండానే డబుల్ డ్యూటీ వేసేవాడు. అడిగితే, ముసలోళ్ల కోసం అనేవాడు."

అక్టోబర్ దాకా ఇందుమతి స్నేహితురాలి ఇంట్లో సోఫా మీద పడుకుంది. ఉద్యోగం తీసేసినందుకు ఆమె వేసిన కేసు విచారణ వీడియోలో పెట్టారు. యూనియన్ తరఫు లాయరు దారి చూపించాడు: ఫిర్యాదు చేసినవాళ్లను చట్టం కాపాడుతుంది, కాబట్టి ఫిర్యాదు నాదే అను. డెబోరా చేసిన పనీ అలా కప్పబడిపోతుంది. అబద్ధాల మీద ఏటా రెండు ప్రసంగాలు చేసే కృపారావు సైతం "అవునను తల్లీ, ఇద్దరూ గట్టెక్కుతారు" అన్నాడు.

యజమాని లాయరు సూటిగానే అడిగాడు, ఆ ఈమెయిల్ నువ్వే రాశావా అని. తెర మీద మరో చిన్న గడిలో డెబోరా కూర్చుని ఉంది. ఇందుమతి ఆ గడి వైపు చూసిందో లేదో వీడియోలో తెలియదు.

"నేను రాయలేదు. రాయమని ఎవరికీ చెప్పలేదు," అంది ఇంగ్లిష్‌లో, నిదానంగా. "కానీ అందులో ఉన్న ప్రతి మాటా నిజం."

ఆమెను తీసెయ్యడం తప్పని తీర్పు వచ్చింది. మూడో వ్యక్తి ఒకరు ఆమె అనుమతి లేకుండా ఆమె పేరు వాడారన్న వాక్యమూ అందులో ఉంది. ఇందుమతి దూరాన ట్రాలీ అనే ఊళ్లో ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. సహవాసం విన్నపాల పుస్తకం వెనక్కి తీసేసుకుంది. డెబోరాను ఎవరూ తిట్టలేదు, ఫోన్ చెయ్యడం మానేశారు.

కొత్త ఫోన్లు మొదట ములింగార్ అనే మరో ఊరి నుంచి వచ్చాయి. ఫిలిప్పీన్స్ నర్సులు, మలయాళీ కేరర్లు, తీర్పు సంగతి చెవిన పడ్డవాళ్లు. వాళ్లకు కావలసింది ప్రార్థన కాదు, ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పే మనిషి. అలా సంఘం ఏర్పడింది. కొత్తగా చేరినవాళ్లకు డెబోరా ముందు తీర్పులోని ఆ వాక్యం చదివి, ఆ మూడో వ్యక్తిని నేనేనని చెబుతుంది. కొందరు అప్పుడే లేచి వెళ్లిపోతారు. వెనక్కి పిలవదు.

ఉపన్యాసానికి వెళ్లే ముందు ప్రతిసారీ ట్రాలీకి ఫోన్ చేసి, నీ సంగతి చెప్పనా అని అడుగుతుంది. ఇందుమతి ఒక్కోసారి సరేనంటుంది. 2021 డిసెంబర్‌లో, డబ్లిన్‌లో అధికారులూ విలేఖరులూ కూర్చున్న పెద్ద సభకు ముందు అడిగితే, "ఈసారి వద్దక్కా" అంది. కారణం చెప్పలేదు, డెబోరా అడగలేదు. వేదిక ఎక్కి ఒక్కో నర్సు ఎంతమంది రోగులను చూడాలన్న లెక్కల మీద పన్నెండు నిమిషాలు మాట్లాడింది. మొదటి వరసలో ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు. చప్పట్లు పలచగా పడ్డాయి.